నాన్నగారి బుల్లెట్ ఇంజిన్ విప్పే ముందు

ప్రశ్న: మా నాన్నగారు 1973లో కొన్న ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 350 పదకొండేళ్లుగా మా పాత కొట్టంలో పట్టా కింద ఉంది. నిరుడు ఆయిల్ తక్కువగా కనిపిస్తే కొంచెం పోసి కిక్ కొట్టాను. స్టార్ట్ అయింది కానీ విపరీతంగా నీలం పొగ, పైభాగంలో టకటక శబ్దం. భయపడి వెంటనే ఆపేశాను. మెకానిక్‌ను పిలిచి చూపిస్తే ఇంజిన్ మొత్తం దించి కొత్త సెట్టు వేయాలన్నారు. నాకు నేనే చేయాలని ఉంది. ప్లగ్గు మార్చడం, చెయిన్ బిగించడం తప్ప ఇంతవరకు ఏ ఇంజినూ విప్పలేదు. నాన్నగారికి డెబ్బయ్యారేళ్లు. సంక్రాంతికి ఆయనను ఆ బండి మీద కూర్చోబెట్టాలని కోరిక. నా వల్ల అవుతుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, ఏలూరు

సమాధానం: మీ వల్ల అవుతుంది. మీ ఉత్తరంలో నాకు ధైర్యం ఇచ్చిన మాట ‘స్టార్ట్ అయింది’ అన్నది. పదకొండేళ్లు కదలని ఇంజిన్ పలికిందంటే పిస్టన్ బోరులో, అంటే అది పైకీ కిందికీ కదిలే గొట్టంలో, పట్టేయలేదు, ప్లగ్గు దగ్గర నిప్పు పుడుతోంది, వాల్వులు తెరుచుకుని మూసుకుంటున్నాయి. అలాంటి ఇంజిన్‌కు లోపల ఏముందో చూడకుండా కొత్త సెట్టు వేయాలనడం నాకు నచ్చలేదు. మీ మెకానిక్ గారి అనుభవాన్ని తక్కువ చేయడం లేదు. ఆయన ముందు రోజూ పది బండ్లు నిలబడి ఉంటాయి, ఒక్క పూటలో తేల్చాలి. మీకు ఆ తొందర లేదు. కాబట్టి ఏ భాగం చెడిందో బండి తనంతట తాను చూపించేదాకా ఆ భాగాన్ని విప్పకండి. నీలం పొగకూ ఆ శబ్దానికీ ఇంజిన్ తెరవకుండానే తేలే కారణాలున్నాయి. ముందు వాటి సంగతి చూద్దాం.

పొగ గురించి మొదట. బుల్లెట్‌కు ఆయిల్ ట్యాంకు వేరుగా ఎక్కడో ఉండదు, ఇంజిన్ అడుగు పెట్టె అయిన క్రాంక్‌కేస్‌లోనే వెనక భాగంలో ఒక గదిలా ఉంటుంది. బండి నెలల తరబడి నిలబడితే ఆ గదిలోని ఆయిల్ పంపు సందుల్లోంచి మెల్లగా జారి, పిస్టన్ కదలికను తిరుగుడుగా మార్చే క్రాంకు ఉన్న గదిలోకి చేరుతుంది. అప్పుడు పుల్ల ముంచి చూస్తే ఆయిల్ తక్కువగా కనిపిస్తుంది. మనం ఇంకాస్త పోస్తాం. కిక్ కొట్టగానే కింద నిండుగా ఉన్న ఆయిల్‌ను క్రాంకు పైకి చిమ్ముతుంది, పిస్టన్ చుట్టూ ఉండే రింగులు దాన్ని గీయలేవు, వీధంతా నీలం పొగ కమ్ముతుంది. మీరు చేసింది సరిగ్గా ఇదే. ఇందులో మీ తప్పేమీ లేదు, బుల్లెట్ ఇళ్లలో చాలామందికి జరిగేదే.

కాబట్టి మొదటి పనిగా ఇంజిన్ కింద ఉన్న డ్రెయిన్ బోల్టులన్నీ తీయండి. ట్యాంకు గదిది, క్రాంకు గదిది రెండూ తీయాలి. వచ్చిన ఆయిల్‌ను రెండు వేర్వేరు తెల్లటి పళ్లాల్లో పట్టి, ఒక రాత్రి కదపకుండా ఉంచి, పొద్దున ఎండలో చూడండి. నల్లగా ఉంటే భయం లేదు, పాత ఆయిల్ నల్లగానే ఉంటుంది. పళ్లెం అడుగున వేలితో తడిమితే తగిలే రేణువులు ముఖ్యం. అయస్కాంతానికి అంటుకునే నల్లటి సన్నపొడి కొంచెం ఉండటం సహజం. గోధుమరంగు బంగారు మెరుపుతో రేకుల్లాంటివి వస్తే ఏదో ఒక బుష్ (తిరిగే భాగానికి తొడిగే లోహపు గొట్టం) అరిగిపోతోందని అర్థం. పెళుసైన ఇనుప ముక్కలు వస్తే మాత్రం నేను కింద చెప్పే ఇంజిన్ విప్పే దశకు వెళ్లక తప్పదు.

ఇక టకటక. బుల్లెట్‌లో వాల్వులను తెరిపించే ట్యాపెట్ల సర్దుబాటు పైన ఉండదు. కుడివైపు బ్యారెల్ (సిలిండరు) అడుగున, ఒకే నట్టుతో బిగించిన చిన్న మూత వెనక ఉంటుంది. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, రెండు వాల్వులూ మూసుకుని పిస్టన్ పైకి వచ్చిన స్థితిలో, ట్యాపెట్ మీంచి పైకి వెళ్లే కడ్డీని, అంటే పుష్ రాడ్‌ను, రెండు వేళ్లతో పట్టుకుని తిప్పి చూడండి. అది హాయిగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం కదలకూడదు. పైకీ కిందికీ ఆడుతుంటే మీరు విన్న శబ్దం అదే కావచ్చు. మూడు సన్నటి పానాలతో అరగంటలో తేలే పని ఇది. సర్దాక లాక్ నట్టు బిగించి మళ్లీ ఒకసారి తిప్పి చూడండి. బిగించేటప్పుడే కొలత మారిపోతుంది, మొదటిసారి చేసేవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే.

ఈ రెండు పనులూ అయ్యాక 20డబ్ల్యు50 ఆయిల్ సుమారు రెండుంపావు లీటర్లు కొలిచి పోసి, బండి మళ్లీ స్టార్ట్ చేయండి. సైలెన్సరు పైపులో చేరిన పాత ఆయిల్ కాలేదాకా పది నిమిషాలు పొగ వస్తుంది. అది క్రమంగా తగ్గిపోతే మీరు ఇంజిన్ విప్పనక్కర్లేదు. కార్బురేటర్, పెట్రోలు ట్యాంకు శుభ్రం చేసుకుని, ప్లగ్గుకు సమయానికి నిప్పు అందించే పాయింట్లు చూసుకుని, నాన్నగారిని ఎక్కించండి. పొగ తగ్గకపోతే అప్పుడు తల (సిలిండరు హెడ్), బ్యారెల్ తీయండి. అదీ ఇంజిన్‌ను చాసిస్ నుంచి దించకుండానే. పెట్రోలు ట్యాంకు, కార్బురేటర్, సైలెన్సరు తీస్తే బుల్లెట్ తల, బ్యారెల్ ఉన్నచోటనే బయటికి వస్తాయి.

మొదటిసారి చేసేవారికి ఇంతకంటే మంచి ఇంజిన్ దొరకదని నా నమ్మకం. ఇంగ్లండ్‌లోని రెడిచ్‌లో పుట్టిన డిజైన్ ఇది. 1955లో మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడ్డాక, తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో దాదాపు అర్ధశతాబ్దం పెద్ద మార్పులు లేకుండా తయారైంది. 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు, ఒకే సిలిండరు, వేరుగా బిగించిన గేర్‌బాక్సు. ప్రతి భాగమూ చేతికి అందుతుంది, కంటికి కనబడుతుంది. విడిభాగాలకూ కొదవ లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. 1990ల బండికి చేసిన భాగం మీ 1973 బండిదిలాగే కనిపిస్తుంది కానీ అన్నిసార్లూ సరిపోదు. కొత్తది కొనడానికి వెళ్లినప్పుడు పాతది సంచిలో వేసుకుని వెళ్లండి, దుకాణం బల్ల మీద రెండూ పక్కపక్కన పెట్టి కొలవండి. బండి మళ్లీ వెయ్యి కిలోమీటర్లు తిరిగేదాకా పాత భాగం ఒక్కటి కూడా పారేయకండి.

పనిముట్ల సంగతి. మీ బండిలో చాలా నట్లు పాత ఇంగ్లిష్ ఇంచి కొలతలవి. మామూలు మిల్లీమీటర్ల పానా పెడితే పట్టినట్టే ఉంటుంది, గట్టిగా లాగగానే నట్టు తల గుండ్రమైపోతుంది. ఇంచి రింగ్ పానాల సెట్టు ఒకటి కొనండి. తిప్పుకునే రెంచిని ఈ పని అయ్యేదాకా ఇంట్లో ఎవరికైనా ఇచ్చి దాచమనండి. ఫీలర్ గేజ్, టార్క్ రెంచి, పలచటి చెక్క సుత్తి, రాగి లేదా అల్యూమినియం ముక్క, కిరోసిన్, పాత నూలు పంచెలు ఉంటే చాలు. శుభ్రానికి పెట్రోలు వాడకండి, కొట్టంలో ఒక్క నిప్పురవ్వ చాలు. కవర్ల స్క్రూలు అన్నీ ఒకే పొడవు ఉండవు. ఒక అట్టముక్క మీద ఆ కవరు ఆకారం గీసి, ఏ రంధ్రంలోంచి తీసిన స్క్రూను అదే చోట గుచ్చండి. ఫోనులో ఫొటోలు తీయండి, కానీ వాటినే నమ్ముకోకండి. ఫొటోలో స్క్రూ పొడవు తెలియదు.

తల నట్లను ఒకదానికొకటి ఎదురెదురుగా, పావు చుట్టు చొప్పున వదులు చేయండి. తల వచ్చాక దాన్ని బోర్లా పెట్టి, ప్లగ్గు బిగించే ఉంచి, వాల్వులున్న గుంటలో కిరోసిన్ పోసి పది నిమిషాలు వదిలేయండి. పోర్టుల్లోంచి (గాలి, పొగ వెళ్లే దారుల్లోంచి) కిరోసిన్ కారితే వాల్వులు సరిగ్గా కూర్చోవడం లేదు. గ్రైండింగ్ పేస్టు రాసి, అరచేతుల మధ్య కవ్వంలా తిప్పుతూ నూరాలి. సీటు చుట్టూ తెగకుండా ఒకే వెడల్పులో బూడిదరంగు గీత పడ్డాక ఆపండి. గైడులో, అంటే వాల్వు కాడ జారే గొట్టంలో, వాల్వు పక్కకు ఊగుతుంటే గైడు మార్చాలి, ఆ పని లేత్ షాపులో చేయించండి.

ఇప్పుడు పిస్టన్ నెత్తి కనబడుతుంది. మసి మందంగా పేరుకుని ఉంటుంది. స్క్రూడ్రైవరుతో గీకకండి, వెదురు పుల్ల చెక్కి దానితో గీకండి. మసి కింద సాధారణంగా ఒక అంకె ముద్రించి ఉంటుంది. స్టాండర్డ్ అని ఉంటే బోరు ఇంతవరకు ఎవరూ ముట్టుకోలేదు. 20, 40 వంటి అంకె ఉంటే ఇంచిలో వెయ్యో వంతుల లెక్కన అంత పెద్దది చేశారని అర్థం. నాన్నగారిని పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టుకోండి అని నేను చెప్పేది ఇందుకే. బోరు ఎప్పుడు చేయించారు, ఎవరు చేశారు, ఎక్కడ పట్టేసింది, ఏ కిక్కుకు ఎదురు తన్నింది అన్న విషయాలు ఏ పుస్తకంలోనూ లేవు, ఆయనకు మాత్రం తెలుసు. అడిగి తేదీలతో సహా రాసుకోండి.

బ్యారెల్ తీశాక పైఅంచు లోపల గోటితో తడమండి. రింగు పైకి వెళ్లి ఆగే చోట గోరు మెట్టులా తట్టుకుంటే బోరు అరిగింది. ఒక రింగును మాత్రమే బోరులో పెట్టి, పిస్టన్‌తో సమంగా కిందికి నెట్టి, దాని కొసల మధ్య సందు ఫీలర్ గేజ్‌తో చూడండి. 70 మిల్లీమీటర్ల బోరుకు కొత్త రింగు సందు దాదాపు 0.28 మిల్లీమీటర్లు. మీ పాత రింగుకు దానికి మూడు రెట్లు వస్తే మీ పొగకు కారణం దొరికినట్టే. కింద తక్కువ, పైన ఎక్కువ వస్తే బోరు గరాటులా అరిగింది, కొత్త రింగులు వేసి సరిపెట్టుకోవడం డబ్బు దండగ.

బోరింగ్ గురించి నా అనుభవం ఒకటి చెప్పాలి. నా మొదటి ఇంజిన్‌కు కొత్త పిస్టన్ ఊళ్లో దొరకలేదు. ఈలోగా సమయం వృథా ఎందుకని కొలత ఒక చీటీ మీద రాసి బ్యారెల్ ఇచ్చాను. షాపువాళ్లు ఆ కొలతకే బోరు చేశారు. వారం తర్వాత వచ్చిన పిస్టన్ వేలితో నెడితే జారింది, సరిపోయిందనే అనుకున్నాను. తొమ్మిదో కిలోమీటరులో, కాలువగట్టు మీద, ఇంజిన్ ఒక్కసారిగా బిగుసుకుని వెనక చక్రం కీచుమని మట్టిలో జారింది. క్లచ్చి మీద వేళ్లు ఉండబట్టి పడలేదు. విప్పితే పిస్టన్ పక్కన రెండు చోట్ల అల్యూమినియం కరిగి బోరుకు పూసినట్టు అంటుకుంది. వేడెక్కితే పిస్టన్ ఎంత సాగుతుందో ఆ చీటీ మీది అంకెకు తెలియదు. ఆ రోజు నుంచి పిస్టన్ చేతికొచ్చాకే బ్యారెల్ ఇంట్లోంచి కదులుతుంది, రెండూ ఒకే సంచిలో వెళతాయి. వదిలే సందు ఎంతో పిస్టన్ పెట్టె మీద రాసి ఉంటే, ఎవరేమి చెప్పినా ఆ లెక్కే పట్టండి. బోరు పెంచడానికి ఇక చోటు లేదంటే పాత బ్యారెల్‌కే స్లీవు (లోపల కొత్త గొట్టం) వేయించుకోవచ్చు, దాన్ని పారేసి కొత్తది కొనాల్సిన పని లేదు.

బోరింగ్ షాపు నుంచి వచ్చిన బ్యారెల్ కడిగినట్టే మెరుస్తుంటుంది, కానీ బోరు లోపల చివరగా రుద్దే హోనింగ్ రాయి పొడి, అది గీసిన సన్నటి గీతల్లో దాగి ఉంటుంది. కిరోసిన్‌తో అది పోదు. వేడి నీళ్లు, సబ్బు, బ్రష్ష్ పట్టుకుని, తెల్లగుడ్డ లోపల తుడిస్తే తెల్లగానే బయటికి వచ్చేదాకా కడగండి. నాకు ఎప్పుడూ అయిదారు సార్లు పడుతుంది. ఆరీ ఆరకముందే ఆయిల్ రాయండి. పచ్చి పోత ఇనుము నిమిషాల్లో తుప్పు ఎక్కుతుంది. పిస్టన్ పిన్నుకు రెండు వైపులా ఉండే సర్‌క్లిప్పులు ఎప్పుడూ కొత్తవే వేయండి. తీసేటప్పుడు, పెట్టేటప్పుడు క్రాంక్‌కేస్ నోరు గుడ్డతో నిండుగా మూయండి. చేతిలోంచి ఎగిరిన క్లిప్పు ఆ నోట్లోకే వెళుతుంది.

ఇక మెకానిక్ గారు ఇంజిన్ మొత్తం దించాలన్నారు కదా, అంటే క్రాంకు ఉన్న కింది భాగం కూడా. బ్యారెల్ తీసి ఉన్నప్పుడే అది తేల్చుకోవచ్చు. క్రాంకును తిప్పి, దాన్ని పిస్టన్‌తో కలిపే కనెక్టింగ్ రాడ్‌ను పూర్తిగా పైకి తెచ్చి, రెండు చేతులతో పట్టుకుని నిలువునా పైకీ కిందికీ లాగి చూడండి. అటూ ఇటూ పక్కలకు కొంచెం జరగడం ఉండాలి, దాన్ని చూసి కంగారుపడకండి. నిలువుగా టక్కుమని చిన్న కదలిక తగిలినా బిగ్ ఎండ్ (ఆ రాడ్ క్రాంకును పట్టుకునే కీలు) అయిపోయినట్టే. ఏమీ తగలకపోతే, ఆయిల్‌లో రేకులు రాకపోతే, కింది భాగాన్ని ముట్టుకోకండి. ఆరోగ్యంగా ఉన్న క్రాంకును ‘ఎలాగూ విప్పాం కదా’ అని తెరిచి పాడుచేసిన బండ్లు చాలా చూశాను.

చెడిందని తేలితే అప్పుడు ఇంజిన్ దించండి. దించడం, పక్క కవర్లు, క్లచ్చి విప్పడం దాకా మీరు చేయండి. టైమింగ్ వైపు, అంటే కుడివైపు, క్రాంకు చివర ఆయిల్ పంపును తిప్పే వర్మ్ నట్టు ఉంటుంది. దాని మర ఎడమచేతి వాటం. మామూలుగా తిప్పితే ఊడదు, ఇంకా బిగుస్తుంది. క్రాంకు ప్రెస్సు కింద విడదీసి, కొత్త బుష్ వేసి, తిరిగి సూటిగా నిలపడం మాత్రం ఆ పనిలోనే జీవితం గడిపినవారికి అప్పగించండి. అక్కడ మీరు అడగాల్సిన మాట, సెంటర్ల మధ్య తిప్పి డయల్ గేజ్ మీద సూది ఎంత ఊగుతోందో చూపించమని. మంచి పనివాడు ఆ మాటకు సంతోషిస్తాడు.

ఎవరైనా ‘మీ క్రాంక్‌కేస్ ఇచ్చేయండి, సిద్ధంగా ఉన్న ఇంజిన్ ఇస్తాం’ అంటే ఒప్పుకోకండి. క్రాంక్‌కేస్ రెండు సగాలూ జంటగా మరపట్టినవి, ఇంకో సగంతో కలవవు. పైగా ఇంజిన్ నంబరు దాని మీదే ఉంది, మీ ఆర్‌సీలో ఉన్నదీ అదే. మీ బండికి యాభై ఏళ్లు దాటాయి. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు నిండి, అసలు రూపం మార్చని ద్విచక్ర వాహనాన్ని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. 20,000 రూపాయల రుసుము, పదేళ్ల గడువు, ‘వీఏ’ అక్షరాలున్న ప్రత్యేక నంబరు. కానీ ఆ నమోదుతో ప్రదర్శనలకూ వింటేజ్ ర్యాలీలకూ తప్ప రోజువారీ తిరుగుడుకు వీలుండదు. నాన్నగారిని ఊళ్లో తిప్పాలన్నది మీ కోరిక కాబట్టి, మామూలు ఆర్‌సీనే ఫిట్‌నెస్ చూపించి పునరుద్ధరించుకోవడం మేలని నా అభిప్రాయం. పని మొదలుపెట్టే ముందే ఆ కాగితం బయటికి తీసి, ఇంజిన్ నంబరుతో సరిపోల్చుకోండి.

బిగింపు దశలో నా దృష్టంతా ఆయిల్ మీదే ఉంటుంది. టైమింగ్ కవరు లోపల, క్రాంకు చివరికి ఆయిల్ అందే చోట చిన్న కార్కు సీలు ఉంటుంది. వేలి గోరంత వస్తువు. అది ఎండిపోయి ముక్కలైతే బిగ్ ఎండ్‌కు వెళ్లాల్సిన ఆయిల్ దారిలోనే కారిపోతుంది. కవరు తెరిచినప్పుడల్లా కొత్తది వేయండి, వేసే ముందు ఆయిల్‌లో నానబెట్టండి. పంపు చక్రాలు వాటి సీటు మీద సమంగా కూర్చున్నాయో లేదో సన్నటి పేస్టుతో నూరి చూడండి, ఆ పేస్టు ఒక్క రేణువు మిగలకుండా కడగండి. ఫిల్టరు గదిని ఆయిల్‌తో నింపి మూత పెట్టండి. తర్వాత ప్లగ్గు తీసేసి, తల మీదికి వెళ్లే సన్నటి ఆయిల్ పైపు బోల్టు వదులు చేసి, అక్కడ ఆయిల్ ఊరేదాకా కిక్కును తొక్కుతూ ఉండండి. పంపు చాలా నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి కాలు నొప్పి పుడుతుంది. ఫరవాలేదు. ఆ బోల్టు దగ్గర ఆయిల్ చుక్క కనబడకుండా స్టార్ట్ చేయవద్దు.

సంక్రాంతి గడువు పెట్టుకున్నారు. పొగ పాత ఆయిల్‌దే అయితే సంక్రాంతికి హాయిగా అందుతుంది. బ్యారెల్ దాకా వెళితే ఉగాదికి పెట్టుకోండి. క్రాంకు దాకా వెళితే గడువు మాట నాన్నగారికి అసలు చెప్పకండి. పండగ ముందురోజు రాత్రి లైటు వేసుకుని బిగించిన ఇంజిన్‌లో ఏదో ఒక నట్టు వదులుగానే ఉండిపోతుంది.

స్టార్ట్ చేసే రోజు కిక్కు మీరు తొక్కండి. పాయింట్ల టైమింగ్ ముందుకు జరిగి ఉంటే కిక్కు ఎదురు తన్ని చీలమండ విరిచేస్తుంది, ఆ ప్రమాదం ఆయన కాలికి వద్దు. సిలిండరులోని ఒత్తిడిని వదిలే డీకంప్రెసర్ లివరు మాత్రం ఆయన చేతికి ఇవ్వండి. తాళంచెవి తిప్పి ఆన్ చేసి, కిక్కును నెమ్మదిగా కిందికి దించుతుంటే అమ్మీటరు (కరెంటు చూపే మీటరు) సూది పక్కకు వాలి, మళ్లీ మధ్యకు వచ్చి నిలబడుతుంది. ఆ క్షణాన లివరు నొక్కి, కిక్కును ఇంకొంచెం దాటించి, లివరు వదిలి, కిక్కు పూర్తిగా పైకి రానిచ్చి, అప్పుడు ఒక్కటే తొక్కు. ఆ సూదిని చూడటం ఆయనకు మీరు నేర్పనక్కర్లేదు. పలకగానే తల మీది బోల్టు దగ్గర ఆయిల్ వస్తోందో లేదో మరోసారి చూడండి. కొత్త రింగులు వేసి ఉంటే నిలబెట్టి ఎక్కువసేపు తిప్పకండి, వెంటనే రోడ్డెక్కండి. మొదటి 500 కిలోమీటర్లు యాభై వేగం దాటకుండా, ఒకే వేగంలో ఉండిపోకుండా నడపండి. వంద కిలోమీటర్లకు ఒకసారి, 500కు మరోసారి ఆయిల్ మార్చి, తెల్లటి పళ్లెంలో పట్టి మళ్లీ చూడండి.

ముందుగా ఆ రెండు డ్రెయిన్ బోల్టులు తీసి, ఏ గదిలోంచి ఎంత ఆయిల్ వచ్చిందో కొలిచి నాకు రాయండి. తల తీయాల్సి వస్తే పిస్టన్ నెత్తి మీద ఏ అంకె ఉందో కూడా రాయండి. బోరు చేయించాలో లేదో అప్పుడు మాట్లాడుకుందాం.